తిథి లేని తిరునాళ్ళు

2002 డిసెంబరులో జాతీయ క్రీడలు. 2003 అక్టోబరు, నవంబరుల్లో ఆఫ్రో ఆసియా క్రీడలు. 2007 అక్టోబరులో ప్రపంచ సైనిక క్రీడలు. 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు. ఏడేళ్ళలో ఇన్ని పెద్ద పోటీలు హైదరాబాద్‌లో జరిగాయి. గచ్చిబౌలి బండరాళ్ళ మధ్య అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను, హాకీ మైదానం లేచాయి. యూసుఫ్‌గూడలో, సరూర్‌నగర్‌లో ఇండోర్ స్టేడియాలు, ఉస్మానియా ఆవరణలో సైకిలు పందాలకు వెలోడ్రోమ్ ఉన్నాయి. హైదరాబాద్ దేశానికి ఆటల రాజధాని కాబోతోందన్న మాట ఆ రోజుల్లో గట్టిగానే వినిపించింది. ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. గుంటూరులోనో నాగపూర్‌లోనో ఉన్న ఒక కుటుంబం ఆట చూడటానికే హైదరాబాద్ రావాలనుకుంటే, ఏ నెలలో ఏ వారానికి రైలు టికెట్లు తీసుకోవాలి? ఐపీఎల్‌ను పక్కన పెడితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఇంత కట్టిన నగరానికి ఈ చిన్న జవాబు ఎందుకు కరువైంది? వందేళ్ళ హైదరాబాద్ ఆటల చరిత్రను ఈ ప్రశ్నతో చదివితే నాకు ఒకటే కారణం కనిపిస్తుంది. ఆటకోసం జనం ఒక ఊరికి ప్రయాణమయ్యేది అక్కడి కట్టడాలను చూసి కాదు. ఏటా తప్పకుండా వచ్చే తేదీని చూసి, ఆ తేదీని కాపాడే మనుషుల్ని నమ్మి వెళ్తారు. హైదరాబాద్‌కు మైదానాలకూ మనుషులకూ కొదవ లేదు. తేదీ మాత్రం దాని చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతూ వచ్చింది.

క్రీడా పర్యాటకం అన్న మాట ప్రభుత్వ పత్రాల్లోకి ఈమధ్యే ఎక్కినా ఆ పని మనకు కొత్తేమీ కాదు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకుని జనం వస్తారు. పల్నాడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తిరునాళ్ళ వేళ ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఒంగోలు గిత్తల్ని లారీల్లో ఎక్కించుకుని రైతులు జిల్లాలు దాటి వస్తారు, చూసేవాళ్ళు వాళ్ళ వెంట వస్తారు. ఆ పోటీ జరిగేది పొలంలోనో చెరువు పక్కన ఖాళీ జాగాలోనో. అక్కడ గ్యాలరీ ఉండదు, ఉన్నా వెదురు కర్రలు కట్టిందే. అయినా వచ్చే ఏడు పోటీ ఉంటుందా అని ఎవరూ అడగరు, పంచాంగం చూసుకుని బయల్దేరతారు. ఇదే పద్ధతి మహానగరాల స్థాయిలో ఎలా పనిచేస్తుందో మెల్‌బోర్న్ చెబుతుంది. అక్కడ డిసెంబరు 26న టెస్టు మ్యాచ్ మొదలవుతుందన్నది 1980ల నుంచి దాదాపు మార్పులేని సంగతి. 2024లో భారత్‌తో జరిగిన ఆ టెస్టుకు ఐదు రోజుల్లో 3,73,691 మంది వచ్చారు. ఆ మైదానంలో అదే రికార్డు. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు సెంచరీ కొట్టింది ఆ మ్యాచ్‌లోనే, తండ్రి స్టాండ్స్‌లో కూర్చుని చూస్తుండగా. సిడ్నీ నుంచో బ్రిస్బేన్ నుంచో వెళ్ళాలనుకునే తెలుగు కుటుంబం ఆ మ్యాచ్ తేదీ కోసం ఎవరి ప్రకటనకూ ఎదురుచూడాల్సిన పని లేదు. సెలవు ఎప్పుడు పెట్టాలో, బస ఎప్పుడు మాట్లాడుకోవాలో ఏడాది ముందే తెలుసు.

హైదరాబాద్‌కు కూడా ఒకప్పుడు ఇలాంటి తేదీ ఉండేది. నగరం నడిబొడ్డున ఉన్న ఫతే మైదాన్ పేరు 1687 నాటి గోల్కొండ ముట్టడితో ముడిపడింది. ఔరంగజేబు సైన్యం దిగిన చోటు, గెలిచాక విజయ మైదానమైంది. అసఫ్ జాహీల కాలంలో అక్కడ పోలో ఆడేవారు. ఆ మైదానమే 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మార్చుకుంది. అయితే ఆట కోసం పైవాళ్ళు హైదరాబాద్ రాష్ట్రానికి ప్రయాణం కట్టే అలవాటు మొదలైంది ఫతే మైదాన్‌తో కాదు, సికింద్రాబాద్‌లో ఒక కప్పుతో. పాయిగా వంశపు నవాబు మొయినుద్దౌలా 1930-31లో తన పేరున బంగారు కప్పు క్రికెట్ పోటీలు పెట్టాడు. తొలి ఏడాది గెలిచింది విజయనగరం మహారాజకుమార్ జట్టు. ఆ చలికాలంలోనే ఆయన ఇంగ్లండ్ దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను భారతదేశానికి రప్పించాడు. 1934-35లో వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్ ఈ కప్పులో ఆడాడు. అప్పటికి భారత జట్టు టెస్టు క్రికెట్‌లోకి వచ్చి రెండేళ్ళే. బొంబాయిలో మతాల పేరున జట్లు కట్టి ఆడే పోటీలు దేశమంతా పేరు తెచ్చుకున్న రోజులవి. వాటికి దూరంగా, రైల్వే కూడలిగా తప్ప ఆటల పటంలో పెద్దగా కనిపించని సికింద్రాబాద్‌కు దేశంలోని మేటి ఆటగాళ్ళు రావడం చిన్న సంగతి కాదు. మైదానం గొప్పదని వాళ్ళు రాలేదు. ఫలానా రోజుల్లో మంచి జట్లు అక్కడ కలుస్తాయన్న నమ్మకం వాళ్ళను రప్పించింది.

నవాబుల డబ్బుతో నడిచిన ముచ్చట ఈ కాలానికి ఏం పనికొస్తుందని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. సంస్థానం పోయాక ఆ కప్పు కథ కూడా ముగిసిపోయి ఉంటే ఆ అభ్యంతరానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. కథ అలా ముగియలేదు. కొన్నేళ్ళు మసకబారినా 1960లలో మళ్ళీ నిలబడింది. ఈసారి జట్లు కట్టింది నవాబులు కారు, స్టేట్ బ్యాంకు, అసోసియేటెడ్ సిమెంట్, వజీర్ సుల్తాన్ టొబాకో లాంటి సంస్థలు. 1966-67లో వజీర్ సుల్తాన్ కోల్ట్స్ జట్టు తరఫున ఒక బొంబాయి కుర్రాడు ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. అతనే సునీల్ గవాస్కర్. ఆ దశాబ్దంలోనే భారత కెప్టెన్ పటౌడీ హైదరాబాద్ రంజీ జట్టులో చేరి ఎం.ఎల్. జయసింహ నాయకత్వంలో ఆడాడు. 1962-63లో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్ జట్టుకు బౌలింగ్ చేశాడు. ఇది వట్టి నవాబీ వైభవమైతే 1948తోనే ఆగిపోవాలి. డబ్బు ఇచ్చే చెయ్యి మారినా తేదీ నిలిచింది కాబట్టి జనం వచ్చారు. దేశవాళీ సీజన్ మొదట్లో, కొత్తవాళ్ళు ఎవరో చూసుకోవడానికి సెలెక్టర్లకూ ఆటగాళ్ళకూ అది అక్కరకొచ్చింది. తర్వాత ఫస్ట్‌క్లాస్ హోదా పోయింది, పెద్ద ఆటగాళ్ళ క్యాలెండర్ నిండిపోయింది. పోటీ పేరు మిగిలినా దాని కోసం ప్రయాణమయ్యే వాళ్ళు మిగలలేదు.

ఫుట్‌బాల్ కథ ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది తిరగేసిన నిదర్శనం. ఆటలో హైదరాబాద్ క్రికెట్ కంటే ఎక్కువ ఎత్తు చూసింది ఫుట్‌బాల్‌లోనే. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉండి, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. బంతిని కాళ్ళ దగ్గర తిప్పుకుంటూ పోకూడదు, వెంటనే అందించాలి అన్న నిబంధనతో కుర్రాళ్ళకు పోటీలు పెట్టిన మనిషి. ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు దాని చేతిలోనే ఉంది. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. ఆ జట్లలో హైదరాబాదీలు చాలామంది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ వాళ్ళలో ఒకడు. ఇంత చేసిన నగరానికి ఫుట్‌బాల్ చూడటానికి ఎవరు వచ్చారు? డ్యూరాండ్ ఢిల్లీలో జరిగేది, రోవర్స్ బొంబాయిలో జరిగేది, 1898 నుంచి ఏటా నడిచే లీగ్ కలకత్తాది. ఇక్కడా కొన్ని కప్పులు నడిచాయి గానీ వాటి స్థాయికి ఎదిగి వేళ్ళూనుకున్నది ఒక్కటీ లేదు. హైదరాబాద్ జట్టే రైలెక్కి పోయి గెలిచి వచ్చేది. చివరికి ఆటగాళ్ళు వెనక్కి రావడం కూడా మానేశారు. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. మహమ్మద్ హబీబ్ 1966లో అదే దారి పట్టాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న కాస్మోస్ జట్టు మీద ఆడిన హబీబ్‌ను కలకత్తా ఇప్పటికీ తన మనిషిగానే చెప్పుకుంటుంది. 1963లో రహీం పోయాక గురువు కూడా లేడు. ఆటగాళ్ళను కన్న ఊరు ఒకటి, ఆటను చూడటానికి జనం వెళ్ళే ఊరు ఇంకొకటి అయిపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ప్రతిభ ఉంటే పర్యాటకం దానంతట అదే వస్తుందన్న నమ్మకం ఇక్కడే తేలిపోతుంది.

టెస్టు క్రికెట్ సంగతి చూడండి. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో తొలి టెస్టు, న్యూజిలాండ్‌తో. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. భారతీయుడు టెస్టుల్లో కొట్టిన తొలి డబుల్ సెంచరీ అది. రెండో టెస్టు 1969లో, మూడోది 1988లో, రెండూ న్యూజిలాండ్‌తోనే. 2010లో ఉప్పల్‌లో జరిగిన తొలి టెస్టు కూడా మళ్ళీ న్యూజిలాండ్‌తోనే! యాభై అయిదేళ్ళలో నాలుగు మ్యాచ్‌లు, ఎప్పుడు వస్తాయో తెలియనివి. అదే కాలంలో పక్కనున్న మద్రాసు ఏం చేసింది? చెపాక్‌లో టెస్టును జనవరిలో సంక్రాంతి సెలవులకు జత చేసింది. దాన్ని అందరూ పొంగల్ టెస్టు అనే పిలిచారు. 1988 జనవరిలో నరేంద్ర హిర్వాణి తన తొలి టెస్టులోనే వెస్టిండీస్‌పై 16 వికెట్లు తీసింది ఆ పండగ రోజుల్లోనే. చెపాక్ ప్రేక్షకులకు ఆట తెలుసనీ, పైజట్టు బాగా ఆడినా లేచి నిలబడి చప్పట్లు కొడతారనీ ఉన్న పేరు ఊరికే రాలేదు. అదే పండక్కి, అదే గ్యాలరీకి తాత వెంట తండ్రి, తండ్రి వెంట కొడుకు వెళ్తూ ఉంటే చూపు పదునెక్కుతుంది. ఆ చూపు కూడా ఒక ఊరి ఆస్తే. స్టేడియం రెండేళ్ళలో కట్టొచ్చు, చూడటం తెలిసిన ప్రేక్షకుణ్ణి తయారుచేయడానికి ఒక తరం పడుతుంది.

ఈ చరిత్ర అంతా వెనక ఉండగా నగరం 2002లో కొత్త దారి పట్టింది. ఆ ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు గచ్చిబౌలి అథ్లెటిక్ స్టేడియానికి పెట్టారు. డిసెంబరులో అక్కడ జాతీయ క్రీడలు జరిగాయి. మరుసటి ఏడాది ఆఫ్రో ఆసియా క్రీడలకు 96 దేశాలు వచ్చాయి. పురుషుల హాకీ ఫైనల్లో భారత్ పాకిస్తాన్‌ను ఓడించింది. ఆ పోటీల రెండో విడత 2007లో అల్జీరియాలో జరగాల్సింది, జరగలేదు. అంటే హైదరాబాద్‌లో జరిగిన మొదటివే చివరివి కూడా. సైనిక క్రీడలు హైదరాబాద్ నుంచి 2011లో రియోకు, ఆ తర్వాత కొరియాకు, చైనాకు పోయాయి. జాతీయ క్రీడలు రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తిరుగుతాయి. ఈ పోటీల స్వభావమే అది, ఊరూరా డేరా వేసుకుంటూ పోయేవి. వాటిలో తప్పేమీ లేదు. డేరా ఎత్తేశాక ఆ స్థలంలో ఏ ఆటను ఏటా నడుపుతామన్నది ముందే తేల్చుకోకపోవడమే తప్పు. 2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని బహుళ అంతస్తుల భవనాన్ని 1500 పడకల కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఆపద సమయంలో అంతకంటే మంచి వినియోగం ఉండదు, దాన్ని తప్పుపట్టను. కానీ ఆటల కోసం కట్టిన భవనాన్ని ఆట వైపు నుంచి తిరిగి అడిగే గొంతు పెద్దగా లేకపోవడం గమనించాల్సిన సంగతి.

ఏటా జరిగే పోటీలు హైదరాబాద్‌కు అసలు రాలేదని కాదు. వచ్చాయి, ఆ జాబితా చదువుతుంటే బాధ కలుగుతుంది. 2003లో మహిళల టెన్నిస్‌లో డబ్ల్యూటీఏ టోర్నమెంటు హైదరాబాద్‌లో మొదలైంది. దాని పేరే ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్. ఆటకూ పర్యాటకానికీ ఉన్న ముడి మన ప్రభుత్వానికి ఇరవై ఏళ్ళ కిందటే తెలుసనడానికి ఈ పేరొక్కటి చాలు. 2004లో సానియా మీర్జా లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో సింగిల్స్ ఫైనల్లో అల్యోనా బొండారెంకోను ఓడించి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. సొంత ఊరిలో, సొంత జనం ముందు! ఒక టోర్నమెంటు వేళ్ళూనుకోవడానికి ఇంతకంటే మంచి ఏడాది దొరుకుతుందా? మరుసటి ఏడాది ఆ పోటీ బెంగళూరుకు వెళ్ళిపోయింది. బ్యాడ్మింటన్‌లో ఇండియా ఓపెన్ 2008, 2009లలో హైదరాబాద్‌లో జరిగింది. ఇప్పుడది ఢిల్లీది, 2011లో సూపర్ సిరీస్ హోదా వచ్చింది కూడా అక్కడే. 2018, 2019లలో హైదరాబాద్ ఓపెన్ పేరుతో చిన్న స్థాయి అంతర్జాతీయ పోటీ నడిచింది, కోవిడ్ వచ్చి ఆగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. 2024 పందెం రద్దయినట్టు ఆ జనవరిలోనే ప్రకటన వచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ గెలిచింది, ఫుట్‌బాల్ మళ్ళీ ఈ ఊరికి వచ్చిందని పాతతరం మురిసింది. 2025లో ఆ జట్టూ ఢిల్లీకి తరలింది. ఒక్కో దానికి ఒక్కో కారణం ఉండి ఉంటుంది. కొన్ని చోట్ల ప్రాయోజకులు, కొన్ని చోట్ల ప్రభుత్వాలు, కొన్ని చోట్ల సంఘాలు. కానీ ఇన్ని వేర్వేరు ఆటలు, ఇన్ని వేర్వేరు యాజమాన్యాలు, ఇరవై ఏళ్ళలో ఒకే తీరున కొన్నేళ్ళకే జారిపోయాయంటే దాన్ని యాదృచ్ఛికం అనలేం.

నా వాదానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. స్టేడియాలు లేకపోతే ఇవేవీ వచ్చేవే కాదు కదా, 2002లో కట్టినవాటి మీదే కదా 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ నడిచింది, మరి కట్టడాన్ని తక్కువ చేయడమెందుకు? నిజమే. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం లేకపోతే లిన్ డాన్ ఆ ఆగస్టులో హైదరాబాద్‌లో ప్రపంచ విజేత అయ్యేవాడు కాదు. భద్రత మీద భయంతో ఇంగ్లండ్ జట్టు తప్పుకున్నా పోటీ సజావుగా సాగిందంటే ఏర్పాట్లు చేసినవాళ్ళ సత్తా కూడా ఉంది. నేనంటున్నది కట్టడం అక్కర్లేదని కాదు, కట్టడం పోటీలో గెలిపించదని. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, హోటళ్ళు వచ్చాయి, 2017లో మొదలైన మెట్రోకు ఉప్పల్ వైపు స్టేడియం అనే పేరున్న స్టేషనే ఉంది. గచ్చిబౌలికి రాయదుర్గం దాకా మెట్రోలో వచ్చి మరో బండి పట్టుకోవాలి, అదొక లోటు. ఇలాంటి సౌకర్యాలు ఇవాళ బెంగళూరుకూ ఉన్నాయి, అహ్మదాబాద్‌కూ ఉన్నాయి, భువనేశ్వర్‌కూ ఉన్నాయి. అందరికీ ఉన్నదానితో ఎవరూ ఎవరినీ మించలేరు. పెద్ద పోటీలు నగరం పేరును ప్రపంచానికి చాటాయన్న మాట కూడా అంటారు. చాటాయనే అనుకుందాం. పేరు విని రావాలనుకున్నవాడికి మరుసటి ఏడాది మనం చూపించింది ఏమిటి?

ఈ మొత్తం చరిత్రలో ఒక్కటి మాత్రం ఎదురు దిశలో నడిచింది. అది పుల్లెల గోపీచంద్ అకాడమీ. లాల్ బహదూర్ స్టేడియంలో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర ఆట నేర్చిన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తర్వాత ఆ ఘనత సాధించిన రెండో భారతీయుడు. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది. కట్టడానికి డబ్బు చాలక ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టాడు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ పెద్ద మొత్తం విరాళమిచ్చాడు. 2008లో అకాడమీ మొదలైంది. సైనా నెహ్వాల్ 2012 లండన్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం తెచ్చారు. 2022 మేలో థామస్ కప్పు గెలిచిన భారత జట్టులో గుంటూరు శ్రీకాంత్, అమలాపురం సాత్విక్‌సాయిరాజ్, తిరువనంతపురం ప్రణయ్ ముగ్గురూ ఈ అకాడమీలో రాటుదేలినవాళ్ళే. శిక్షణకు వచ్చేవాళ్ళు పర్యాటకులు ఎలా అవుతారని అడగవచ్చు. హోటల్ గదుల లెక్కలో రెండు రాత్రులు ఉండిపోయే ప్రేక్షకుడే పర్యాటకుడు కావచ్చు. నా లెక్కలో మాత్రం పిల్లవాడి ఆట కోసం కేరళ నుంచి వచ్చి, ఇల్లు అద్దెకు తీసుకుని ఏళ్ళ తరబడి ఉండే తల్లిదండ్రులే ఒక ప్రాంతపు నిజమైన బలానికి సాక్ష్యం. వాళ్ళను రప్పించింది ప్రకటనలు కావు, తెల్లవారకముందే కోర్టు దగ్గర ఉండే ఒక గురువు. రహీం పోయాక ఫుట్‌బాల్‌లో తెగిన గొలుసు బ్యాడ్మింటన్‌లో ఆరిఫ్ నుంచి గోపీచంద్ దాకా తెగలేదు. విచారం ఏమిటంటే ఇక్కడ కూడా ఫుట్‌బాల్ నాటి పొరపాటే మళ్ళీ జరుగుతోంది. ఆటగాళ్ళు తయారయ్యేది హైదరాబాద్‌లో, వాళ్ళ ఆట చూడటానికి జనం వెళ్ళేది జనవరి చలిలో ఢిల్లీ ఇండియా ఓపెన్‌కు. 2026 ప్రపంచ పోటీలను కూడా ఢిల్లీకే ఇచ్చారు.

ఇక ఐపీఎల్. వేసవిలో ఉప్పల్ దారులు నారింజ రంగు చొక్కాలతో నిండిపోతాయి. వరంగల్, కర్నూలు, విజయవాడల నుంచి కుర్రాళ్ళు బస్సులెక్కి వస్తారు. ఇది ఏటా వచ్చేదే కదా, ఇదే మన తేదీ ఎందుకు కాకూడదు? ఆ సందడిని నేను తీసిపారేయను. అయితే ఆ తేదీ మన చేతిలో లేదు. 2009లో సార్వత్రిక ఎన్నికల వల్ల ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలింది. హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచిన ఏడాదే అది. సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ ఆడకుండానే గెలిచింది. మరి కొన్నేళ్ళకు ఆ జట్టే లేకుండా పోయింది, దాని చోట సన్‌రైజర్స్ వచ్చింది. పైగా ఉప్పల్‌లో చూసే ఐపీఎల్‌కూ జైపూర్‌లో చూసే ఐపీఎల్‌కూ తేడా ఏముంది? ప్రతి నగరానికీ ఉన్నది ఒక నగరానికి ప్రత్యేకత ఎలా అవుతుంది? పక్క జిల్లాలవాళ్ళను రప్పించగలదేమో గానీ గువాహటి మనిషిని హైదరాబాదే ఎంచుకునేలా చేయలేదు.

బ్యాడ్మింటన్‌కు ఇంకా ఆలస్యం కాలేదని నా నమ్మకం. గురువులు ఉన్నారు, ఆటగాళ్ళు ఉన్నారు, స్టేడియం ఉంది, సింధు కోసం తెల్లవారుజామున టీవీ ముందు కూర్చునే జనం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కావాల్సింది ఒక వారం. ఏ ప్రభుత్వం మారినా, ఏ ప్రాయోజకుడు తప్పుకున్నా కదలని వారం. మొదటి ఏడాదే పెద్ద పేర్లు రాకపోవచ్చు. మొయినుద్దౌలా కప్పు నవాబుల చేతి నుంచి బ్యాంకుల చేతికి మారినా నిలబడినట్టు, పదేళ్ళకు మాట ఇచ్చి నిలబెట్టుకుంటే చాలు. ఆటల సంఘాలవారు, పర్యాటక శాఖవారు తదుపరి పెద్ద పోటీకి దరఖాస్తు రాయడానికి ముందు ఈ ఒక్క వారాన్ని క్యాలెండర్‌లో రాయాలని నా విన్నపం. నమూనా కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. దశాబ్దానికి పైగా, కోవిడ్ ఏళ్ళు తప్పిస్తే, ఏటా ఆగస్టు నాలుగో వారంలో హైదరాబాద్ మారథాన్ జరుగుతోంది. దీన్ని మొదలుపెట్టి నిలబెట్టింది పరుగంటే ఇష్టమున్న నగరవాసులు. ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాల మీద ఈ పరుగు కష్టమని తెలిసీ, తెలిసినందువల్లే, ఇతర రాష్ట్రాల నుంచి పరుగువీరులు ఆ ఆదివారం కోసం నెలల ముందు నుంచి సిద్ధమై వస్తారు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో మొదలయ్యే ఆ 42 కిలోమీటర్ల పరుగు, 2002లో జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ముగుస్తుంది.